వంగపూత రంగు, సిమెంటు రంగు

మా కొత్త ఇంటి డిజైను ఫోనులోకి వచ్చిన పొద్దున, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మర్చిపోయాను. పాలు పొంగి గట్టంతా పారాయి. "పొంగితే మంచిదేలే" అని అత్తమ్మ సరిపెట్టుకుంది గాని, నా కళ్లు ఫోను మీద నుంచి లేవలేదు. అందులో రెండు బొమ్మలున్నాయి. ఇల్లు ఒకటే. అవే స్తంభాలు, అదే బాల్కనీ, అదే మెట్ల కమ్మీ. ఒకదానికి లావెండర్ రంగు, ఇంకోదానికి గ్రే. కింద నరసరావుపేట డిజైనరు మెసేజి పెట్టాడు: "మేడమ్, ఈ రెండే మిగిలాయి. ఏదో ఒకటి చెప్పండి."

మిగిలాయి అన్న మాట అతను ఊరికే రాయలేదు. ఇంటి డిజైను గీసేవాళ్లు మిగతా చోట్ల ముందు వాస్తు అడుగుతారేమో, మా పల్నాట్లో ముందు పార్టీ అడుగుతారు. అదీ మొహం మీద అడగరు. "ఏ రంగులు వద్దో చెప్పండి సార్, మిగిలిన వాటితో నేను పని చేసుకుంటా" అన్నాడు అతను మా ఆయనతో, మేము మొదటిసారి అతని ఆఫీసులో కూర్చున్నప్పుడు. పసుపు వద్దు, మామగారు ఒప్పుకోరు. నీలం వద్దు, నేను ఒప్పుకోను. ఆకుపచ్చ నీలం పక్కన జెండాలో ఉండేదే. ఎరుపుకీ కాషాయానికీ ఎవరి వాళ్లు వాళ్లకున్నారు. గులాబి కృష్ణకు అవతలి గొడవ, అది మనకెందుకు. తెలుపు వేస్తే మా ఊరి దుమ్ముకు వారం తిరక్కుండానే దాని సంగతి తేలిపోతుంది. గడపకు రాసే పసుపు ఒక్కదానికే ఎవరూ అడ్డం చెప్పలేదు. దేవుడికి ఇంకా ఏ పార్టీ టిక్కెట్టూ ఇవ్వలేదు కాబట్టి సరిపోయింది.

ఇంత ఏరుడు ఎందుకయ్యా అంటే, మా నాన్న కోసం. ఆయన నా ఇంట్లో కాలు పెట్టాలి. అంతకు మించి ఆ ఇంటి నుంచి నేను ఏమీ అడగలేదు.

నేను కాపురానికి వచ్చినప్పుడు మా పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే పార్టీ. నిజం చెప్పాలంటే సంబంధం కుదిరిందే అందుకు. పెదకూరపాడు దగ్గర మా ఊళ్లో ఆ పార్టీకి నాన్న పెద్ద దిక్కు, గురజాల దగ్గర ఈ ఊళ్లో మామగారు. పెళ్లి పందిట్లో ఇద్దరూ ఒకే రంగు కండువాలతో కావిలించుకుని ఫోటో కూడా దిగారు. తర్వాత కొన్నేళ్లకు మామగారి నాయకుడు పార్టీ మారాడు. ఆయన వెనకాలే మామగారూ మారారు. నేను మాత్రం పెట్టిన చోటే ఉన్నాను, అవే గిన్నెలు తోముకుంటూ. ఒక పొద్దున లేచి చూసేసరికి మా నాన్నకు అవతలి పార్టీ వాళ్ల కోడల్ని అయి కూర్చున్నాను.

అయినా రాకపోకలు ఆగలేదు. ఆగింది పంచాయతీ ఎన్నికల తర్వాతే. మా పుట్టింటి ఊళ్లో మా బాబాయి నిలబడి ఓడిపోయాడు. గెలిచినవాళ్ల ఊరేగింపులో మా మామగారు జీపెక్కి ముందు సీట్లో కూర్చున్నారు. సొంత వియ్యంకుడి ఊరికి, అదీ ఓడిన ఇంటి ముందు నుంచి! జీపు మా ఇంటి ముందు ఆగింది, డప్పులు మోగాయి. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేచి లోపలికి పోతే భయపడ్డాడంటారని లేవలేదు. వెనకాల నిలబడ్డవాళ్లలో ఎవడో గుప్పెడు నీలం రంగు ఆయన మీద కొట్టాడు. తెల్లపంచె మీద పడిన ఆ రంగును అమ్మ ఉతికిన కొద్దీ అది ఇంకా పాకింది. ఆ పంచెను నాన్న మళ్లీ కట్టలేదు, పారెయ్యనూ లేదు.

నేను వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను. నాన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నీ మీద నాకేం లేదు అమ్మాయ్. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తా. ఆ రంగు గోడ దాటి మాత్రం లోపలికి రాను. నన్ను అడగమాక" అన్నాడు.

మా అత్తింటి ప్రహరీ గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ రంగే. పార్టీ మారిన వారంలోనే మామగారు దగ్గరుండి వేయించారు.

నాన్న మాట మీద నిలబడ్డాడు. నన్ను చూడ్డానికి వచ్చేవాడు, ఎదురింటి అరుగు మీద కూర్చునేవాడు. ఎదురిల్లు ట్రాక్టరు మెకానిక్కుది. ఆయన్ను నాన్న భాయ్ అని పిలుస్తాడు, ఆయన భార్యను నేను అక్కా అంటాను. వాళ్లు నాన్నకు మంచం వేసి, ఫ్యాను తిప్పి పెట్టేవాళ్లు. నేను ఇక్కడ వండి, కంచంలో వడ్డించి, మూత పెట్టి, రోడ్డు దాటి తీసుకెళ్లేదాన్ని. ట్రాక్టర్లు అడ్డం వస్తే ఆగేదాన్ని. ఇక్కడ వరండాలో మామగారు పేపరు అడ్డం పెట్టుకుని, అక్కడ అరుగు మీద నాన్న అన్నం కలుపుకుంటూ, మధ్యలో రోడ్డు, రోడ్డు మీద నేను. ఒకే గిన్నెలోని మజ్జిగ అటు పోసి వచ్చి ఇటు పోసేదాన్ని. దారిన పోయేవాళ్లు తలలు తిప్పి మరీ చూసేవాళ్లు. ఛీ, ఏం బతుకురా దేవుడా ఇది, ఎక్కడికి పారిపోను అనిపించేది. ఎక్కడికని పోను? అటు పోతే కూతుర్ని, ఇటు వస్తే కోడల్ని. మనిషిగా నిలబడ్డానికి నాకు ఆ రోడ్డు మధ్యే మిగిలింది.

పాత ఇంటి శ్లాబు కారడం మొదలై, అదే స్థలంలో కొత్తది కడదామని అనుకున్నప్పుడు మా ఆయనకు ఒకే మాట చెప్పాను. "వంటగది ఎటు పెట్టుకుంటారో పెట్టుకోండి. దేవుడి గది ఎంత ఉండాలో అత్తమ్మను అడగండి. గోడల రంగు మాత్రం ఏ పార్టీదీ కాకూడదు. మా నాన్న నా ఇంట్లో కూర్చుని నా చేతి అన్నం తినాలి." మా ఆయనకు గురజాలలో పురుగుమందుల కొట్టు ఉంది. రెండు పార్టీల రైతులూ ఆయన కొట్టుకే రావాలి కాబట్టి అందరి మాటకూ ఔనని తలూపడం అలవాటు. నా మాటకూ ఊపారు. నాకు భయమేసింది, ఎందుకంటే వాళ్ల నాన్న మాటకూ అట్లాగే ఊపుతారు.

విచిత్రంగా మామగారు పెద్దగా గొడవ చెయ్యలేదు. "మా నాయకుడు వచ్చేసారికి ఎటుంటాడో ఆయనకే తెలవదు. ఊరికే రంగులు మార్చుకుంటా కూర్చునేదానికంటే ఏదీ కాని రంగే మేలు" అన్నారు. నా మీద ప్రేమతో అన్న మాట కాదది. అయినా కళ్లకద్దుకుని తీసుకున్నాను.

ఆ విధంగా లావెండరూ గ్రే మిగిలాయి. నాకు లావెండరే కావాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది! నాన్న మిరప చేను గట్ల మీద వంగ నారు వేసేవాడు. పూత వచ్చినప్పుడు ఆకుల కింద తల వంచుకుని ఉండే ఆ పూలు నాకు పిచ్చి ఇష్టం. తల్లో పెట్టుకుంటానని ఏడిస్తే, "కాయలయ్యే పూలు కోస్తారటే పిచ్చిదానా" అని నాన్న నన్ను భుజానికెత్తుకునేవాడు. ఇంటర్లో చేరినప్పుడు మొదటిసారి నేనే ఎంచుకున్న ఓణీ ఆ రంగుదే. సత్తెనపల్లి బట్టల కొట్టువాడు లావెండర్ అన్నాడు. ఇంటికి తెస్తే నాన్న చూసి, "వంగపూత రంగు" అన్నాడు. ఇప్పుడు ఫోనులో ఆ రంగు ఇల్లు చూస్తుంటే, నాన్న గేటు తీసుకుని వస్తూ ఆ మాటే అంటాడని అనిపించింది. ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

అత్తమ్మకు లావెండర్ నచ్చింది, ఎందుకంటే గ్రే నచ్చలేదు. "బూడిద రంగేంది, శుభమా అంటా ఇల్లు కట్టుకుని! సున్నం కొట్టని కొంపలాగుంటది" అంది. మా ఆయన తలూపారు. పెయింటరు మాత్రం, ఎండ కొట్టే గోడ మీద రెండూ తలుపంత మేర వేసి చూద్దాం, టైల్స్ పని అయ్యేదాకా అట్లా వదిలేద్దాం అన్నాడు. పడమటి గోడ మీద పక్కపక్కనే వేశాడు. ఇల్లు కట్టినన్నాళ్లూ మేము పెరట్లో రేకుల షెడ్డులో ఉన్నాం. షెడ్డు తలుపు తీస్తే ఎదురుగా అవే. నేను లేవగానే లావెండర్ మొహం చూసి అప్పుడు కాఫీ పెట్టుకునేదాన్ని.

ఎండలు మొదలయ్యాయి. మా వైపు ఎండ సంగతి తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. వాకిట్లో నాపరాయి మీద చెప్పుల్లేకుండా అడుగు వేస్తే గెంతాల్సిందే. రేకుల కింద మేము ఉడికిపోతూ ఉంటే, గోడ మీద లావెండర్ కూడా ఉడికింది. రోజూ చూసే కళ్లకు తేడా తెలియలేదు. టైల్స్ అయిపోయే నాటికి అత్తమ్మే అడిగింది, "ఏమే, ఇది నువ్వు చెప్పిన రంగేనా?" అని. దగ్గరికి వెళ్లి చూశాను. అందులోని ఎరుపు ఛాయ అంతా ఎండిపోయింది. మిగిలింది నీలం. పాలిపోయిన నీలమే గాని, నీలమే. "ఎరుపు మెత్తది మేడమ్, ముందు అదే పోద్ది. నీలం మొండిది" అన్నాడు పెయింటరు. కంపెనీ మారిస్తే నాలుగేళ్లు ఆగుతుందేమో గాని, ఆఖరికి జరిగేది ఇదేనట.

అప్పుడే మామగారు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని గోడను పైకీ కిందికీ చూశారు. ఆయన మొహం చేటంత అయ్యింది. "అరెరె, ఇది మన రంగే గదా! అమ్మాయ్, నీ మాటే ఖాయం. లావెండరే ఎయిద్దాం."

ఇక చూడండి నా పరిస్థితి. లావెండర్, లావెండర్ అని ఇల్లంతా హోరెత్తించిందాన్ని నేను. ఇప్పుడు అందరూ నా వైపే ఉన్నారు. అత్తమ్మ, మామగారు, తలూపుతూ మా ఆయన. వద్దన్నదాన్ని నేనొక్కదాన్నే. కూర్చుని నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. నాకు ఇష్టమైన రంగును నా నోటితోనే తిట్టి, చూస్తేనే ప్రాణం ఉసూరుమనే రంగు కోసం పోట్లాడాల్సి వచ్చింది.

"గ్రే వేయిద్దాం మామయ్యా" అన్నాను.

"నిన్నటిదాకా అది స్మశానం రంగన్నావు."

"అన్నాను. ఇప్పుడు అదే కావాలంటున్నాను."

"ఏందమ్మాయ్ నీ తిక్క? ఇల్లంటే ఆటగా ఉందా నీకు?"

ఇంక ఆగలేకపోయాను. షెడ్డు ముందు, పనివాళ్లు వింటూ ఉండగానే అనేశాను. "మా నాన్న లోపలికి రావాలి మామయ్యా. ఆయన ఎదురింటి అరుగు మీద తింటుంటే నాకిక్కడ ముద్ద దిగట్లేదు. ఎన్నాళ్లు మోయమంటారు నన్ను ఆ కంచం? మీరు ఆ జీపెక్కి వచ్చారు, నీళ్లు పోసుకున్నారు, మర్చిపోయారు. నేను ఇంకా ఆ రోడ్డు మీదే ఉన్నాను."

మామగారి మొహం ఎర్రబడింది. "నేను ముందు సీట్లో కూర్చున్నా. వెనకాల ఎవడు ఏం చల్లాడో నాకేం తెలుసు?" అన్నారు. ఆ మాట ఆయన నాతో అనడం అదే మొదటిసారి. తనలో తాను ఎన్నిసార్లు అనుకున్నారో తెలియదు. తర్వాత కండువా దులుపుకుని వెళ్లిపోయారు. మర్నాడు పెయింటరు గ్రే డబ్బాలు దించుతుంటే నేనే అడిగాను, ఎవరు చెప్పారని. పెద్దాయనే ఫోను చేశారన్నాడు.

అలా మా ఇల్లు గ్రే అయ్యింది. ప్రహరీ కూలగొట్టి కట్టి దానికీ అదే వేశారు. డిజైనరు బొమ్మలో ఎంతో పెద్దింటి తరహాగా కనిపించిన రంగు, మా వీధిలోకి వచ్చేసరికి అత్తమ్మ చెప్పినట్టే అయ్యింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు భోజనాలు చేస్తూ, "రంగులు తర్వాత ఎయిస్తారా?" అని అడిగారు. మామగారు పళ్లు కొరుక్కుంటూ వడ్డించమని కేకలేశారు. అమ్మ బట్టలు పట్టుకుని వచ్చింది. నాన్న రాలేదు. మోకాళ్ల నొప్పులట. "నొప్పులని చెప్పమన్నాడు" అంది అమ్మ. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. వెళ్తూ వెళ్తూ గోడలన్నీ తిరిగి చూసి, "మంచి రంగేనే, నాకు నచ్చింది" అని నా బుగ్గ నిమిరింది.

నెల దాటాక ఒక పూట వాకిలి ఊడుస్తూ తలెత్తితే, ఎదురింటి మంచం మీద నాన్న. భాయ్ ఇచ్చిన టీ తాగుతూ మా ఇంటినే చూస్తున్నాడు. చీపురు అక్కడే పడేసి గేటు దగ్గరికి పరిగెత్తాను. గ్లాసు పక్కన పెట్టి, ఆయనంతట ఆయనే రోడ్డు దాటి వచ్చాడు. గేటు దగ్గర ఆగి, ప్రహరీని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు.

"ఏందే అమ్మాయ్, ఇంకా రంగెయ్యలా?"

వేశాం నాన్నా, ఇది గ్రే అంటారు, ఈ రంగు కోసం నేను ఈ ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో తెలుసా అని నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆయన కాళ్లు చూశాను. ఒక పాదం గేటు కమ్మీ లోపల ఉంది, ఒకటి ఇంకా రోడ్డు మీద ఉంది.

"లేదు నాన్నా, ఇంకా ఎయ్యలా" అన్నాను.

"అయితే వస్తాలే. రంగేసినాక సంగతి అప్పుడు చూద్దాం" అని రెండో పాదం లోపల పెట్టాడు.

ఆ రోజు నాన్న నా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని గోంగూర పచ్చడితో తిన్నాడు. నేను పొయ్యి వైపు తిరిగి ఏడ్చాను. వరండాలో మామగారికీ ఆయనకూ మాటలు కలిశాయి. "ప్లాస్టరింగు బాగానే చేశార్లే బావా. ఎండలకు పెచ్చులూడకుండా చూసుకో" అన్నాడు నాన్న. ఏరికోరి తెప్పించిన ఖరీదైన రంగును పట్టుకుని సిమెంటంటుంటే మామగారు గుటకలు మింగారు. నా వైపు ఒక చూపు చూశారు. "అట్టాగే బావా" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది. మిగతా సగం ఇంకా ఉంది, అబద్ధమెందుకు.

అప్పటి నుంచి మేము రంగు వెయ్యని ఇంట్లో బతుకుతున్నాం. నవ్వకండి, నిజంగానే. కిటికీలకు ఒక అంచు గీత వేయిద్దామంటే భయం. పండక్కి గేటుకు కొత్త రంగు వేయిద్దామంటే భయం. ఏది వేసినా, "ఓహో, వేశారన్నమాట" అని నాన్న గేటు దగ్గరే ఆగిపోతాడేమోనని. వీధిలో ఇళ్లన్నీ ఎన్నికకో వేషం మారుస్తుంటే మాది అదే సిమెంటు మొహంతో నిలబడి ఉంది. నాకు ఆ రంగంటే ఇప్పటికీ రోత. పొద్దున్నే ముగ్గు వేసి తలెత్తితే అదే. బజారుకెళ్లి వస్తే దూరం నుంచి అదే. నాన్న లోపలికి వచ్చాడు, నేను ఆ గోడల మధ్య ఇరుక్కుపోయాను. పెయింటరు వదిలేసిన లావెండర్ డబ్బాలో కొంచెం మిగిలి ఉంటే, మా పడగ్గదిలో గోడబీరువా లోపలి అరలకు నేనే బ్రష్షుతో వేసుకున్నాను. అక్కడికి ఎండ రాదు. చీరలు తీసేటప్పుడు కాసేపు తలుపు తెరిచి పెట్టుకుంటాను.

ఈ వేసవిలో మా ఆయన, గ్రే బాగా వెలిసిపోయింది, ఈసారి మంచి రంగేదైనా చూద్దామా అన్నారు. డిజైనరు మళ్లీ బొమ్మలు పంపాడు. వాటిలో లావెండర్ కూడా ఉంది, ఇప్పుడు ఎండకు పోనిది వచ్చిందని రాశాడు. నేను ఫోను తిరగేసి పెట్టాను. మళ్లీ అదే గ్రే, డబ్బా మీద నంబరు కూడా అదే చూసి తెమ్మన్నాను. ఆయన తలూపారు. గోడలన్నీ పూర్తయి, వాసన పోయాక నాన్నకు ఫోను చేశాను.

వచ్చాడు. తిన్నాడు, పడుకున్నాడు, లేచి టీ తాగాడు. సాయంత్రం బస్సుకని బయల్దేరి, వరండాలో చెప్పులు వేసుకోవడానికి వంగి, పట్టు కోసం గోడకు చెయ్యి ఆనించాడు. మోకాళ్లు ఇప్పుడు నిజంగానే నొప్పులు. చెప్పులు వేసుకోవడం అయిపోయినా చెయ్యి తియ్యలేదు. అరచేత్తో గోడను మెల్లగా అటూ ఇటూ రుద్దాడు. తర్వాత చెయ్యి తిప్పి చూసుకున్నాడు. నేనూ చూశాను. ఉత్త సిమెంటు గోడైతే ఇసుకో దుమ్మో అంటాలి. ఆ చేతికి ఏమీ లేదు. అమ్మ గృహప్రవేశం నాడు ఇల్లంతా తిరిగి చూసి, మంచి రంగేనే అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పకుండా ఉంటుందా?

నాన్న నా వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి, శుభ్రంగా ఉన్న ఆ చేతిని వేలు వేలూ తుడుచుకున్నాడు.

"సిమెంటు గదా, అంటుకుంటది" అన్నాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "తొందరపడి రంగెయ్యమాకండి అమ్మాయ్. నేనున్నన్నాళ్లు ఇట్టాగే ఉండనీయండి."

"అట్టాగే నాన్నా" అన్నాను.